మాపసెకా రొట్టె, మసేరు విమానం

ఆకాశంలో విమానం ఎంత దూరంలో ఉందో రొట్టె వాసన చూసి చెప్పగల మనిషి లెసోతో కొండల్లో ఒక్కతే ఉంది. ఆమె మాపసెకా. సరే, ప్రతి రొట్టె వాసనా కాదు, మాడిన రొట్టెది మాత్రమే. అదీ జీవితంలో ఒక్కసారి.

లిఖొమొంగ్ విమాన మైదానానికి ఆమె కాపలాదారు. మైదానమంటే కొండ భుజం మీద చదును చేసిన గడ్డినేల, పక్కన రేడియో గది. పడమటనున్న రాజధాని మసేరు నుంచి నూట ఇరవై కిలోమీటర్లు, చిన్న విమానానికి నలభై నిమిషాలు. ఆమెకు గడియారం లేదు. అక్కడ విమానం లేచిందని రేడియోలో వినగానే ముంగిట్లో పిడకల మంట మీద రొట్టె కుండ పెట్టేది. రొట్టె అయ్యేసరికి మైదానం మీది గొర్రెల్ని తోలేసేది. విమానం దిగేది.

ఆ జూలై మధ్యాహ్నం రేడియో గదిలో లిపువో పురిటి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగి రెండు రోజులైంది. చీకటిలోగా మసేరు చేరకపోతే తల్లీబిడ్డా దక్కరని నర్సు మమెల్లో తేల్చేసింది. గాలి లేదని మాపసెకా పొద్దునే పైలట్‌కు చెప్పింది. లిపువోను తీసుకెళ్లే విమానం మసేరులో లేచిందని వినగానే కుండ పెట్టి, ఆమె చెయ్యి పట్టుకు కూర్చుంది.

రేడియో గరగరలాడింది. పైలట్ సెఖొన్యానా.

"నలభై నిమిషాలైందమ్మా. కిందంతా మబ్బే. మిమ్మల్ని దాటేసినట్టున్నాను, ఎదురుగా పెద్దకొండ ఉంటుంది. వెనక్కి తిప్పేస్తున్నా."

అప్పుడే మాడు వాసన కొట్టింది. మాపసెకా బయటికి పరుగెత్తింది. తూర్పుగాలి ముఖాన కొట్టింది. మంట పడమటికి వాలి భగభగమంటోంది. కుండ మూత తీసి చూసి, అలాగే కుండతో లోపలికి వచ్చింది.

"తిప్పకు నాయనా! నా రొట్టె మాడింది!"

"ఇప్పుడు నీ రొట్టె గొడవేంటమ్మా?"

"తూర్పుగాలి మంటను ఎగదోసింది. నీకది ఎదురుగాలి! నువ్వింకా ఇక్కడికి చేరలేదు. పది నిమిషాలు తిన్నగా రా."

మమెల్లో ఆమె భుజం పట్టుకుంది. "నువ్వు మర్చిపోయి కూర్చుంటే మాడిందేమో పెద్దమ్మా! అప్పుడతను దాటేసినట్టే కదా? కొండకు కొడతాడు!"

"మర్చిపోతే పైన కూడా ఉడికేది. చూడు, అడుగు బొగ్గు, పైన పచ్చిపిండి. మంట తొందరపడింది, పొద్దు కాదు."

"కొండ తగిలితే?" అన్నాడు సెఖొన్యానా.

"నన్ను తిట్టుకో."

"తిట్టడానికి అప్పుడు నేనుండాలి కదమ్మా! సరే. వస్తున్నా."

మాపసెకా తడిగడ్డి తెచ్చి మంటలో కుక్కింది. పొగ లేచింది. నడుముకు కట్టిన కంబళి విప్పి పొగను పైకి విసిరింది. లిపువోకు మూడు నొప్పులు వచ్చి పోయాయి. నాలుగోదానికి ఆమె అరవడం కూడా మానేసింది. మమెల్లో మోకరిల్లింది. కొండవైపు నుంచి చప్పుడు వస్తుందేమోనని మాపసెకా అటు చూడలేకపోయింది.

పడమట మబ్బు చిరుగులోంచి చిన్న రెక్క మెరిసింది.

"పొగ కనిపించింది!" రేడియోలో సెఖొన్యానా కేక.

మరుక్షణమే ఆమె గొర్రెల మీదికి కేకలేస్తూ పరుగు తీసింది.

వచ్చేటప్పుడు యాభై నిమిషాలు పట్టిన అదే దూరం లిపువోను ఎక్కించుకుని తిరిగి వెళ్లేటప్పుడు ముప్ఫై మూడే పట్టింది. గాలి ఈసారి వెనక నుంచి తోసింది. మసేరు ఆసుపత్రిలో కడుపు కోసి ఆడపిల్లను తీశారు, తల్లి బతికింది.

ఇప్పుడు ఆ మాడిన రొట్టె గురించి మాపసెకాను అడగండి. కంబళి సర్దుకుని ముఖం చిట్లిస్తుంది.

"పచ్చి అబద్ధం. నా రొట్టె ఏనాడూ మాడలేదు."