తన్నిన కాలు

సకియుసా కాళ్లు పడిపోయాక ఇది రెండో వానాకాలం. కడవు దీవి చుట్టూ నీట మునిగి, సముద్ర దోసకాయలనే జీవుల్ని ఏరి అమ్ముకుని బతికినవాడు. సిలిండర్లో గాలి అయిపోతోందని ఒక్క ఊపున పైకి తేలాడు. అంతే, రక్తంలో గాలి బుడగలు కట్టి వెన్నుపాము దెబ్బతిని నడుం కింద చచ్చుబడింది. భార్య పిల్లల్ని తీసుకుని సువా పట్నంలో హోటలు పనికి వెళ్లిపోయింది. ఆమెను తప్పు పట్టడానికేముంది! కానీ పొద్దస్తమానం గోడను చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాడికే తెలుసు.

ఒకరోజు చాప అంచు అరికాలికి గీసుకుని కాలు ఠక్కున ముడుచుకుంది. సకియుసాకు కన్నీళ్లు ఆగలేదు. కాలు తిరిగొస్తోందని కనబడ్డవాడికల్లా చెప్పాడు. ఆ శనివారం మగవాళ్లంతా కూర్చుని యంగోనా అనే వేరు పానీయం తాగే చోటికి తననూ మోసుకెళ్లమన్నాడు. ఎన్నాళ్లకో నలుగురిలో కూర్చున్నాడు, చేతులతో కాళ్లు మడిచి పెట్టుకుని.

ఊరిపెద్ద రాతు సవెనాకాకు కొబ్బరి చిప్పలో మొదటి యంగోనా అందిస్తున్నారు. ఇంకేముంది, ఏం తగిలిందో గానీ ఆ కాలు విసురుగా చాచుకుని యంగోనా గిన్నెను తన్నింది. గిన్నె బోర్లా పడింది. పాదం పెద్దాయన వైపే తిరిగి ఆగింది. పెద్దాయన వైపు కాలు చాపడమంటే అక్కడ మొహాన ఉమ్మినంత పని. కాలు తిరిగొచ్చిందని తనే కదా చెప్పుకున్నాడు, మరి తన్నిందీ తనే అన్నారంతా. మర్నాటి నుంచి అతని గడప తొక్కినవాడు లేడు.

అన్న కూతురు లోసానా ఒక్కతే వచ్చింది. ఆమె నర్సు. మోకాలి చిప్ప కింద అరచేతి అంచుతో తట్టింది. పాదం ఎగిరింది.

"నువ్వు ఆడించావా బాబాయ్?"

"లేదే."

"కాలికి తగిలింది వెన్నుపాముకి తెలుస్తుంది. కండని కదలమని అదే చెప్పేస్తుంది, తలని అడగదు. మాకైతే పైనుంచి తల కాస్త అదుపు చేస్తుంది. నీకు ఆ దారి తెగింది, అందుకే అంత విసురు. రేపు పెద్దాయనకి ఇదే చెప్తాను. నీ తప్పు లేదని తేలిపోద్ది."

"అయితే కాలు రాదా?"

"రాదు బాబాయ్."

మర్నాడు సకియుసా, తప్పు ఒప్పుకునేవాళ్లు అక్కడ ఇచ్చుకునే తిమింగలం పన్ను పట్టుకుని, పెద్దాయన దగ్గరికి క్షమాపణకు మోయించుకు వెళ్లాడు. లోసానా నోరు తెరవబోతే ఆమె చెయ్యి నొక్కి ఆపాడు.

"తన్నింది నేనే అయ్యా. కాలు నాదే. క్షమించండి."

పెద్దాయన పన్ను అందుకుని క్షమించానన్నాడు. మళ్లీ వచ్చి కూర్చోమని మాత్రం ఎవరూ అనలేదు.

ఇంట్లో దింపి అందరూ వెళ్లిపోయారు. సకియుసా చాప అంచు పైకెత్తి అరికాలికి గీశాడు. కాలు ముడుచుకుంది.

"ఉన్నావుగా," అన్నాడు దానితో.