అడగకముందే రాసుకున్న ముగింపు

ఎం.ఏ. రెండో సంవత్సరంలో అందరం ఒక పరిశోధన పత్రం రాయాలి. నేను శంషాబాద్ నుంచి రోజూ బస్సులో సిటీకి వెళ్ళి సోషియాలజీ చదువుకునేదాన్ని. విషయం కోసం పెద్దగా వెతకలేదు. విమానాశ్రయం వచ్చాక మా ఊరు ఎలా మారిందో రాద్దామనుకున్నాను. ఒక్క సాయంత్రంలో ఔట్‌లైన్ తయారైంది: భూములు, ఉద్యోగాలు, రోడ్లు, కిరాయిలు, కాలుష్యం, ముగింపు.

మా గైడు రిటైర్మెంటుకు దగ్గరపడిన మేడమ్. కోస్తా వైపు మనిషి. కాగితం నిలబడే చదివి తిరిగి ఇచ్చేశారు.

"ఇందులో ఏ భాగం తీసేసినా మిగతావాటికి ఏమీ కాదమ్మా. అంటే ఇది ఇంకా పత్రం కాలేదు. నువ్వు తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్క ప్రశ్నగా రాసుకురా. అప్పటిదాకా ఒక్క పేజీ కూడా మొదలుపెట్టకు."

రెండు వారాలు ఆ ప్రశ్న దొరకలేదు. తోటివాళ్ళు అప్పటికే రాయడం మొదలుపెట్టారు. మేడమ్ మీద నాకు కొంచెం కోపంగానే ఉండేది.

మా పై వాటాలో ఒక అక్క కిరాయికి ఉండేది. భర్త గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆమె విమానాశ్రయంలో చాయ్ కౌంటర్ దగ్గర నిలబడేది. ఒకరోజు ఇద్దరం డాబా మీద బట్టలు ఆరేస్తుండగా ఆమెకు పని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "చెప్పండి సార్. తప్పకుండా వస్తాను సార్. ధన్యవాదాలు" అంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "జర ఆ బకెట్ గిట్ల జరుపు" అంది.

నా ప్రశ్న అక్కడ దొరికింది. విమానాశ్రయంలో పనిచేసే ఆడవాళ్ళు ఇంట్లో ఒక తీరుగా, పనిలో ఇంకో తీరుగా ఎలా మాట్లాడుతున్నారు? దానివల్ల వాళ్ళకు ఏమవుతోంది?

రెండో ఔట్‌లైన్‌కు మూడు రోజులు పట్టింది. పాత క్యాలెండర్ కాగితాలు చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ వెనక ఒక్కో అంశం రాసి, నేల మీద పరిచి వరస మార్చుతూ కూర్చున్నాను. చివరికి ఈ వరస కుదిరింది: ఉద్యోగంలో ఇచ్చే శిక్షణ, కౌంటర్ దగ్గరి మాట, ఇంటి మాట, రెండింటి మధ్య నలిగే మనిషి. ఆఖరి చీటీ మీద "సొంత యాసను దాచుకోవలసి రావడం ఈ మహిళల్లో న్యూనతాభావాన్ని పెంచుతోంది" అని రాశాను. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది. మేడమ్ ఈసారి కూర్చుని చదివి, "ఇప్పుడు వెళ్ళి మనుషులతో మాట్లాడు" అన్నారు.

మొదట అక్క దగ్గరికే వెళ్ళాను. ఆదివారం, ఆమె చర్చి నుంచి వచ్చాక. ప్రశ్నల వరస తప్పిపోకుండా చీటీలు ముందు పెట్టుకున్నాను. ఆమె ఆఖరిది తీసి చదివింది.

"న్యూనతాభావం అంటే ఏంది?"

"తక్కువ అనిపించుడు అక్కా."

"ఎవరికి?"

"మీకే. అంటే, అక్కడ పనిచేసేటోళ్ళకు."

"నన్ను అడగకముందే రాసినవా?"

అవునన్నాను. ఆమె కోపంగా ఏమీ అనలేదు. చీటీ తిరిగి వరసలో పెట్టింది.

"నాకెందుకు తక్కువైతది? చాయ్ కలుపుడు నేర్చుకున్న, గట్ల మాట్లాడుడు గూడ నేర్చుకున్న. అది నా పని. ఆడ ఎవ్వరు నవ్వరు. ఇంట్ల నవ్వుతరు. ఫోన్‌ల సార్ తోటి మాట్లాడుతుంటే మా అత్తమ్మ 'దొరసాని మాట్లాడుతుంది' అంటది. మా ఆయన గూడ నవ్వుతడు. నాకు కోపం గప్పుడు వస్తది."

అంతవరకు నేను రాసుకున్న చీటీల్లో ఆ మాటకు చోటు లేదు.

తర్వాత ఇంకో ఐదుగురితో మాట్లాడాను. శంషాబాద్‌లోనే ఉండే ఒక ముస్లిం అమ్మాయి, ఇంట్లో దక్కని, గల్లీలో తెలుగు మాట్లాడేది, "కౌంటర్ మాట మూడోది ఎక్కువైంది గంతే, పరేషాన్ ఏం లేదు" అంది. బడంగ్‌పేట్ నుంచి వచ్చే ఒకామె మాత్రం, తన మాట విని ఒక ప్రయాణికుడు నవ్వాడని, ఆ రోజు అన్నం తినలేదని చెప్పింది. నేను రాసుకున్న వాక్యం ఆమె విషయంలో నిజమే. మిగతావాళ్ళ విషయంలో కాదు.

మూడో ఔట్‌లైన్ ఇంటి నుంచి మొదలైంది. "నలిగే మనిషి" చీటీ తీసేశాను. ముగింపు దగ్గర ఏమీ రాయలేదు. మేడమ్ అది చూసి, "ఇక్కడేం లేదేమిటమ్మా?" అన్నారు. ఇంకా తెలియదని చెప్పాను. ఆవిడ సంతకం పెట్టారు. ఆ తర్వాత రాయడం తొందరగానే సాగింది. ఏ పేజీ తర్వాత ఏది రావాలో తెలిసే ఉంది.

అయితే చిత్తుప్రతి అక్కకు చూపించినప్పుడు ఇంకో తప్పు బయటపడింది. ఆమె తన మాటలున్న పేజీలే వెతికి చదివి, "నేను గిట్ల అన్ననా?" అని అడిగింది. రాసేటప్పుడు నాకు తెలియకుండానే ఆమె మాటలన్నీ పుస్తకాల తెలుగులోకి మార్చేశాను. "నేర్చుకున్న" అని ఆమె అన్నచోట "నేర్చుకున్నాను" అని ఉంది. ఫోన్‌లో చేసుకున్న రికార్డింగులు మళ్ళీ విని, ఆరుగురి మాటలూ వాళ్ళు అన్నది అన్నట్టు సరిచేశాను. ముగింపులో ఆరుగురికీ ఒకే జవాబు లేదని రాసి పత్రం ఇచ్చేశాను.

మార్కులు మధ్యస్థంగా వచ్చాయి. మరుసటి ఏడాది అక్కావాళ్ళు బడంగ్‌పేట్‌లో కొత్త కాలనీకి మారారు. సామాను ఎక్కించే రోజు గిన్నెలు సర్దడానికి నేనూ పైకి వెళ్ళాను. వాళ్ళ అత్తమ్మ నన్ను చూసి, "మా కోడలి మీద పుస్తకం రాసినవంట గదా, ఏం రాసినవ్?" అని అడిగింది. ఫోన్‌లో సార్‌తో మాట్లాడితే ఇంట్లో ఏమంటారో రాశానని చెప్పాను. ఆమె కోడలి వైపు ఒకసారి చూసి, చేతిలో ఉన్న పళ్ళాలు నాకు అందించింది.