తాళం వేసిన ఇన్‌హేలర్

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉన్నప్పుడు నా వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు. ఊరికే కూర్చోలేక, మా అమ్మాయి స్కూల్లో నర్సు గదికి వారానికి రెండు రోజులు వాలంటీర్‌గా వెళ్లేదాన్ని. పిల్లల మందులన్నీ అక్కడ అలమరాలో తాళం వేసి ఉండేవి.

మా అమ్మాయి స్నేహితురాలికి ఆస్తమా. నల్లజాతి పిల్ల, లెక్కల్లో మా అమ్మాయికంటే చురుకు. ఒకరోజు పరీక్ష మధ్యలో ఛాతీ పట్టుకుని వచ్చింది. "మళ్లీ టెస్ట్ రోజేనా? నీళ్లు తాగి క్లాసుకెళ్లి కూర్చో," అని నర్సు నవ్వింది. అంతకుముందు వారమే కడుపునొప్పన్న మా అమ్మాయిని అదే నర్సు ఏమీ అడక్కుండా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. నేను పక్కనే బ్యాండేజీలు సర్దుకుంటూ ఉన్నాను. కాసేపటికి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, స్నేహితురాలికి ఊపిరాడటం లేదని చెబితే అప్పుడు నర్సు తాళం తీసి ఇన్‌హేలర్ ఇచ్చింది.

అప్పట్నించి మా అమ్మాయి ప్రతిసారీ తోడు వెళ్లేది. దాని మార్కులు తగ్గాయి. నేను విరుచుకుపడ్డాను.

"నీ టెస్ట్ పాడుచేసుకుని నువ్వెందుకే వెళ్లడం? ఈసారి సీట్లోంచి లేచావో, చూడు!"

"తను ఒక్కతే అడిగితే ఇవ్వరు అమ్మా."

తర్వాతి పరీక్ష మధ్యలో ఆ పిల్ల నర్సు గదికి ఒక్కతే వెళ్లింది. అంబులెన్స్ వచ్చేసరికి స్పృహ లేదు. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చాక, వెనకబడిందని కింది స్థాయి లెక్కల క్లాసులో వేశారు.

నా మాట విని కదలకుండా కూర్చున్న మా అమ్మాయికి నూటికి నూరు వచ్చాయి. ఆ పేపరు నా ముందు పెట్టి, సంతకం చెయ్యమని, మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది.