పాపాయమ్మ బిగించిన పంపు

లారీ ఇంజనులో నీళ్ళ పంపు రెండు చేతుల్లో ఇమిడే జాడీ అంత ఉంటుంది. రేడియేటర్‌లో చల్లారిన నీళ్ళను ఇంజను ఒంట్లోకి తోయడం దాని పని. దాని అడుగున సన్నటి కన్నం ఒకటి పెడతారు. తెలియనివాళ్ళు అది పగులనుకుని లప్పం పెట్టి మూసేస్తారు. లోపల సీలు అరిగితే ఆ కన్నంలోంచి చుక్కలు పడతాయి. పంపు చెడిందని చెప్పడానికే ఆ కన్నం. ఊళ్ళు తిరిగిన రోజుల్లో నేను లెక్కలేనన్ని లారీల్లో డ్రైవరు పక్కన కూర్చుని ప్రయాణం చేశాను. ఈ సంగతి నాకు వాళ్ళెవరూ చెప్పలేదు. జాలరిపేటలో పుట్టి, చేపల తట్ట మోసి, అరవై దగ్గర పడేదాకా ఇంజను మూత ఎత్తి చూడని పాపాయమ్మ చెప్పింది.

శ్రీహరిపురంలో వాళ్ళ ఇంటి మేడ మీద గదిలో నేను అద్దెకుంటున్నాను. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే వీధి అది; పోర్టు బొగ్గు గాలికి అక్కడిదాకా వస్తుంది. ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఆరు చక్రాల పాత లారీ ఒకటి ఇటుకల మీద నిలబడి ఉండేది. పాపాయమ్మ భర్త నీలకంఠం దాన్ని ముప్ఫయ్యేళ్ళు తోలాడు. పోర్టు నుంచి బొగ్గు, యూరియా. ఉక్కు ఫ్యాక్టరీ నుంచి కడ్డీలు. రాయపూరు దారిలో ఏ మలుపు దగ్గర టీ బాగుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. చివరికి కళ్ళు మూసుకునే చెప్పవలసి వచ్చింది. షుగరు ముందు వేళ్ళలో స్పర్శ తీసుకుంది, తరవాత చూపు తీసుకుంది.

చూపు పోయిన కొత్తలో నీలకంఠం మాట మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒక రోజు బ్యాటరీ చచ్చిపోతుందని, తాళం ఎలా తిప్పాలో భార్యకు చెప్పి బండి స్టార్టు చేయించాడు. ఇంజను పలికింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. అప్పటినుంచి అదొక అలవాటయింది. పొద్దున్నే ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డ్రైవరు సీటులో కూర్చోబెట్టేది. పక్కనుంచి తాళం తిప్పేది. కాసేపు ఇంజను తిరిగేది, అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వినేవాడు. పాత డీజిలు బండి తాళంతో ఆగదు; ఆపమన్నప్పుడు ఆమే ఆపే పిడి లాగేది. పక్కింటివాళ్ళు పొగకు తిట్టుకునేవారు. పాపాయమ్మ వాళ్ళకి పండుగప్పలో, వంజరం ముక్కలో పంపి నోళ్ళు మూయించేది.

ఈ వేసవిలో ఒక పొద్దున్న ఇంజను ఆపాక అతను తల పక్కకు వంచి విన్నాడు.

"కింద సుక్కలు పడతన్నాయేటే?"

"పడతన్నాయి."

"పంపు పోనాది పాపా. ఇంక స్టార్టు సెయ్యొద్దు."

"దేవాని పిలుత్తాను మరి."

"పిలిస్తే ఏటి సేత్తాడు? తుక్కుకి ఎయ్యమంటాడు. ఆ మాట ఇన్నాక ఆడి సెయ్యి నా బండి మీద పడకూడదు."

దేవకుమార్ ఆటోనగర్‌లో మెకానిక్కు, నీలకంఠానికి పాత స్నేహితుడు. వేరే మతం, వేరే కులం అయినా బావా బావా అనుకునేవారు. "కళ్ళు పోనాక బండెందుకు బావా" అని ఒకసారి అన్నాడు. మంచికే అన్నాడు. నీలకంఠం ఆ మాట మరిచిపోలేదు.

బండి మూగబోయింది. నీలకంఠం మళ్ళీ గోడవైపు తిరిగాడు. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టినా నోరు తెరిచేవాడు కాదు. షుగరు మాత్రలు ఖాళీ కడుపున వేసుకోకూడదని ఆస్పత్రి నర్సు చెప్పింది. మూడో రోజుకి మనిషి కాళ్ళు వణకడం మొదలెట్టాయి.

"నాను మారుత్తాను పంపు. ఎలాగో నువ్వు సెప్పు" అంది పాపాయమ్మ.

"సేప తోమినట్టనుకున్నావేటి?"

"సేప తోమడం నీకొచ్చా? ఇది నాకు రాదు. సరికి సరి. సెప్పు."

అతను లేచి కూర్చున్నాడు.

పాత పంపు నంబరు చెబితే ఆటోనగర్ దుకాణంవాడు కొత్త పంపునూ, దానికి అంటించే కాగితం లాంటి ప్యాకింగునూ ఇచ్చాడు. పొద్దుట నీడ ఉండగానే పని మొదలెట్టారు. అతను ముందు బంపరు పక్కన స్టూలు మీద, ఆమె ఇంజను ముందు. చీర కొంగు బిగించి, చేపల హార్బరుకి వెళ్ళేటప్పటిలాగా.

"రేడియేటర్ కింద కుళాయి ఇప్పు. నీళ్ళన్నీ పోనీ. బెల్టు వదులు సెయ్యి. ఫ్యాను బోల్టులు నాలుగుంటాయి."

"ఎటు తిప్పాలి?"

"కుళాయి ఇప్పినట్టు."

"మన కుళాయి ఉల్టా బిగించాడు కదేటి ఆ ప్లంబరు."

నీలకంఠం నవ్వాడు. అతని నవ్వు వినబడి నేను మేడ మీంచి తొంగి చూశాను. పానా జారి ఆమె పిడికిలి చర్మం లేచింది. అతనికి చెప్పలేదు. ఊడదీసిన బోల్టుల్ని చేపల్ని పేర్చినట్టు పళ్ళెంలో పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస పెట్టుకుంది. పాత పంపు ఊడి చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని అతని ఒళ్ళో పెట్టింది. వేళ్ళకి తెలియదు కాబట్టి అతను దాన్ని చెంపకి ఆనించి చూసుకున్నాడు.

"ఇప్పుడు పంపు అతికేకాడ ఇంజను ముకం బాగా గీకు. పాత ప్యాకింగు రవ్వంత కూడా ఉండకూడదు. ఇసక రేణువున్నా నీళ్ళు దారి ఎతుక్కుంటాయి."

ఆమె చేపల పొలుసు తీసే కత్తితో గీకింది. గోటితో తడిమింది. అతను మళ్ళీ మళ్ళీ అడిగాడు, ఆమె మళ్ళీ మళ్ళీ గీకింది. ఆ లోహం అద్దంలా ఉందని నాకు గుర్తు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాకినాడ జెట్టీ మీదా, పారాదీపులోనూ, పడమటి తీరంలో మంగుళూరు దగ్గరా చూశాను: సముద్రం మీద బతికేవాళ్ళెవరూ కొత్త వస్తువును ఊరికే నీళ్ళలోకి దింపరు. పూలో, దీపమో, ఏదో ఒకటి. జాలరిపేటలో అది పసుపు. కొత్త తెప్పకీ, తెడ్డుకీ, వలకీ, ఇప్పుడు పడవకి కట్టే మోటారుకీ ఇంటి ఆడది పసుపు ముద్ద అద్ది, మధ్యన కుంకుమ బొట్టు పెట్టాలి. పెట్టకుండా పంపిందీ అంటే, లోపలికెళ్ళినవాడు తిరిగి రాకపోయినా ఫరవాలేదన్నట్టే. పాపాయమ్మ తండ్రి వేటకు వెళ్ళినన్నాళ్ళూ ఆమె తల్లి పెట్టింది. నీళ్ళకి సంబంధించిన వస్తువు ఇంట్లోకి కొత్తగా వస్తే ఆమె చెయ్యి దానంతటదే పసుపు గిన్నెకి వెళుతుంది.

కొత్త పంపు పట్టుకొస్తానని ఆమె లోపలికి వెళ్ళింది. దేవుడి పటం ముందు పెట్టి దానికి పసుపు అద్దింది. ముందువైపు అద్దబోయి ఆగింది. అక్కడ ఫ్యాను తిరుగుతుంది, గాలికి బొట్టు రాలిపోతుంది. అందుకని వెనకవైపు, ఇంజనుకి అతుక్కునే చదును ముఖం మీద, దిట్టంగా అద్దింది. ఆరేదాకా ఆగింది. దానిమీదే గ్రీజు రాసి, ప్యాకింగు పెట్టి, తెచ్చి బిగించింది. మొగుడితో చెప్పలేదు. చెబితే డ్రైవరు వేళాకోళాలు మొదలెడతాడు.

"ఇసక రేణువు గురించి సెప్పాడు. పసుపు మట్టి కాదు కదా బాబూ" అంది తరవాత నాతో.

బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించింది, అతను చెప్పినట్టే. బెల్టు బొటనవేలితో నొక్కి చూసింది. రేడియేటర్ నిండా నీళ్ళు పోసింది. అతన్ని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గి అందుకుంది.

నీలకంఠం ముఖాన్ని నేను వర్ణించను. మేడ మీద ఉన్నాను, అంత దూరం నుంచి కూడా చూడలేక లోపలికి వెళ్ళాను.

"పాపా, ఆకలేత్తంది" అన్నాడు కేబిన్‌లోంచి. "బండి ఇలాగ తిరగనీ కాసేపు. నువ్వు ఎల్లి ఏదైనా వండు."

"ఒక్కడివీ ఉంటావేటి?"

"ముప్పయ్యేళ్ళు ఒక్కడినే ఉన్నాను ఇందులో. ఎల్లు."

ఆమె కిందకి వంగి చూసింది. ఒకటి రెండు చుక్కలు. కొత్త ప్యాకింగు నీళ్ళు తాగి ఉబ్బితే ఆగిపోతాయని నీలకంఠం ముందే చెప్పాడు. నిజమే, మామూలుగా ఆగిపోతాయి. ఆమె వంటింట్లోకి వెళ్ళి కానాగంత చేపలు వేపుడుకి పెట్టింది.

వేడెక్కిన నీళ్ళకి పసుపు కరిగింది. అది కరిగిన చోట ప్యాకింగు వదులయింది. నీళ్ళన్నీ ఆ దారినే దిగి బొగ్గుమట్టిలో ఇంకిపోయాయి. వేడి చూపించే ముల్లు ఏనాడో పాడయింది. పనిచేసినా చూసే కళ్ళు లేవు. అయితే నీలకంఠానికి తెలిసింది. ఇంజను గొంతు బరువెక్కడం అతను విన్నాడు. ఆపే పిడి కోసం చెయ్యి చాచాడు. ఏది ఆపే పిడో, ఏది వైపరు పిడో వేళ్ళు చెప్పలేదు. రెండు చేతులతో దొరికిందల్లా లాగాడు. అద్దం మీద వైపరు అటూ ఇటూ ఆడటం ఎదురింటివాళ్ళు చూసి, ముసలాయన సరదాగా ఉన్నాడనుకున్నారట. పిలిచాడు. ఇంజను మోతలో, వేపుడు చప్పుడులో ఆ పిలుపు వంటింట్లోకీ, మేడ మీద నా గదిలోకీ చేరలేదు. ఇంజను ఒక్కసారి కీచుమని బిగుసుకుపోయింది.

ఆ నిశ్శబ్దానికి పాపాయమ్మ బయటికి పరిగెత్తుకొచ్చింది.

సాయంత్రం దేవకుమార్ తనంతట తనే వచ్చాడు, ఎవరో చెప్పారు. నీలకంఠం వద్దనలేదు. పంపు ఊడదీసి దేవకుమార్ దాని వెనకవైపు చూశాడు. ప్యాకింగు మీద వేళ్ళ అచ్చులతో పచ్చటి మరక, దానిమీద నుంచి నీళ్ళు కోసుకున్న గాడి. తల ఎత్తి పాపాయమ్మను చూశాడు. ఆమె కూడా మరకను చూసింది.

"ఏటిరా దేవా?" అన్నాడు నీలకంఠం.

"ప్యాకింగు నాసిరకం బావా. లోపల పిస్టన్లు పట్టేసినాయి. ఇంక సెయ్యడానికేటీ నేదు."

నీలకంఠం దుకాణంవాడిని తిట్టడం మొదలెట్టాడు. ఆ రాత్రీ, మర్నాడూ తిట్టాడు. గుడ్డివాడి బండి అని పనికిమాలింది అంటగట్టాడన్నాడు. ఫోను చేయించి వాడి తల్లినీ చెల్లినీ కలిపి తిట్టాడు. అవతలివాడు "నాను మంచిదే ఇచ్చాను బాబాయ్" అంటూనే ఉన్నాడు. ఫోను చెవి దగ్గర పట్టుకుని నిలబడింది పాపాయమ్మే. ఆ కుర్రాడి గొంతు వణకడం ఆమెకి వినిపించింది.

ఫోను పెట్టేశాక చెప్పింది.

"ఆడిని తిట్టకు మావా. పంపుకి నాను పసుపెట్టాను."

అతను తల ఇటు తిప్పాడు. "ముందరెట్టావా, ఎనకాలెట్టావా?"

"ఎనకాల. ముందరెడితే ఫ్యాను గాలికి రాలిపోద్దని."

 "ఆడికి మళ్ళీ ఫోను కలుపు" అన్నాడు. కలిపింది. "బాబూ, నీ ప్యాకింగు బాగానే ఉంది. నానే బోల్టులు సరిగ్గా సెప్పనేదు. ఏటీ అనుకోకు" అన్నాడు. తరవాత గోడవైపు తిరిగాడు.

లారీని తుక్కువాళ్ళు పట్టుకుపోయిన రోజున నీలకంఠం బయటికి రాలేదు. ఏ వైపు లాక్కెళ్తున్నారని కూడా అడగలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టినంతా తినేవాడు, ఆమె బాధపడుతుందని. పొద్దున్నే లేపమని మాత్రం మరి అడగలేదు. వానలు మొదలయ్యాక నిద్రలో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక పాపాయమ్మ మేడ మీదికి వచ్చి గుమ్మంలో కూర్చుంది. చాలా సంగతులు అప్పుడే చెప్పింది. రాస్తానంటే రాసుకోమంది. చివర్న లేస్తూ అంది:

"షాపోడిని అన్నేసి తిట్లు తిట్టినాడు బాబూ. నన్ను ఒక్కటీ తిట్టనేదు."