అద్దం వెనక బొంత

లూర్దమ్మ కడుపుమంట ఇవాళ్టిది కాదు. జగ్గయ్యపేటలో మ్యూజియం పెడుతున్నామంటూ ఇద్దరు మనుషులు వత్సవాయి వచ్చి, ఇళ్లల్లో బొంతలుంటే ఇమ్మని అడిగిన నాడే అంటుకుంది.

ఊళ్లో బొంత కుట్టాలంటే లూర్దమ్మే కుట్టాలి. పాత చీరలు పొరలుగా పరిచి ఆమె వేసే కుట్టు చీమల బారులా సాగుతుంది. కానీ ఇంట్లో వాడిన బొంతను పరాయివాళ్ల చేతిలో పెడితే పరువేం కాను? అందుకని నందిగామ వెళ్లి కొత్త గుడ్డ తెచ్చి, కళ్లు లాగేస్తున్నా మానకుండా కొత్త బొంత కుట్టి పెట్టింది. వాళ్లొచ్చి అటూ ఇటూ తిప్పి చూశారు. "బాగుందమ్మా, కానీ మాకు వాడిందే కావాలండి" అని, పక్కింట్లో తోడికోడలు సూసన్ మంచం మీదున్న చిరుగుల బొంత పట్టుకుపోయారు.

ఆ చిరుగుల బొంత కుట్టిందెవరు? లూర్దమ్మే! సూసన్‌కు తొలికాన్పులో బెన్ని పుట్టినప్పుడు, పురిటిబిడ్డను కొత్తగుడ్డలో పడుకోబెట్టకూడదని, తన చీరలు చింపి మరీ కుట్టిచ్చింది.

మ్యూజియం తెరిచాక ఇద్దరూ ఆటోలో వెళ్లారు. తోలుబొమ్మల దగ్గరా డప్పుల దగ్గరా సూసన్ ఆగి ఆగి చూస్తుంటే, లూర్దమ్మ దేన్నీ చూడకుండా నేరుగా బొంత దగ్గరికి నడిచింది. అద్దం వెనక, దీపాల వెలుగులో వేలాడుతోంది. కింద బోర్డు మీద "బొంత. సూసన్, వత్సవాయి" అని ఉంది. అంతే.

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది" అని పైకే అనేసింది.

"ఏంటక్కా?" అంది వెనకే వచ్చిన సూసన్.

"ఏం లేదు. నీ బొంత భలే ఉందంటున్నా."

ఇంతలో కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక మేడమ్ వచ్చింది. వీళ్ల మాటలు విని, "సూసన్ గారంటే మీరేనాండీ? ఎంత బాగా కుట్టారు!" అని సూసన్ చేతులు పట్టుకుంది.

అవునను, అనవే, అని లూర్దమ్మ లోలోపల వేడుకుంది. ఆ ఒక్క మాట అంటే చాలు, బతికున్నన్నాళ్లూ దాన్ని హాయిగా ఆడిపోసుకోవచ్చు.

"నేను కాదండీ, ఇదిగో, మా అక్క కుట్టింది" అంది సూసన్. "మ్యూజియం వాళ్లకీ చెప్పా. ఇచ్చినోళ్ల పేరే రాస్తామన్నారు."

మేడమ్ లూర్దమ్మకు ఒక నమస్కారం పెట్టి మళ్లీ సూసన్ వైపే తిరిగింది. "ఎంత మంచి మనసండీ మీది! ఈ రోజుల్లో ఎవరు చెప్తారిలా!" పిల్లలంతా సూసన్ చుట్టూ మూగి ఫోన్లు తీశారు. ఎవరో లూర్దమ్మను కూడా ఆమె పక్కకు లాగి నిలబెట్టారు.

"నవ్వండమ్మా!" అన్నారు.

ఇక దీన్ని తిట్టుకోవడానికి ఒక్క సాకైనా మిగల్లేదు కదా అనుకుంటే లూర్దమ్మకు ఏడుపొచ్చింది.