కుడి భుజం మీద పడ్డ తాళం

నా వేళ్లకు వాద్యం నేర్పిన దేవునికి స్తోత్రం. ఆయన నామం తలచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టలేను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా నాయన ఆలేరులో క్రైస్తవ సంఘ ఉపదేశకుడు. చనిపోయి నిద్రించినవాళ్లు పునరుత్థానం దాకా లేవరని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ నా విశ్వాసం అదే.

నాకు గిటారు నేర్పింది వాల్టర్ సార్. ఆంగ్లో ఇండియన్, రైల్వే గార్డు. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాదు డాన్సు హాళ్లలో జాజ్ వాయించాడు. సంఘంలో మేము ఒకటో దెబ్బకు చప్పట్లు కొట్టేవాళ్లం. జాజ్‌లో బరువు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడాలి. అది నాకు పట్టుబడలేదు. ఆయన వెనుక కూర్చుని, చూపుడు వేలి కణుపుతో నా కుడి భుజం మీద ఆ రెండు దెబ్బలే వేసేవాడు.

"గుడిల చప్పట్లు జర మరువురా. నేను శనివారం రాత్రి డాన్సు అడుగుతాంటే నువ్వు ఆదివారం ఆరాధన వాయిస్తున్నవ్," అనేవాడు.

ఆయన చనిపోయిన మరుసటి ఏడు నేను నందికొండలో ఆనకట్ట ప్రాజెక్టు స్టోర్స్ గుమాస్తాను. మద్రాసు స్టూడియోలలో వాయించే ఒక బృందం బెంగళూరు మీదుగా అక్కడికి కచేరీకి వచ్చింది. దారిలో వాళ్ల గిటారిస్టు జ్వరంతో కొత్తకోటలో ఉండిపోయాడు. నా సంగతి ఎవరో చెబితే బృందం పెద్ద పిలిపించాడు.

"ఒక పాట వాయించి చూపించు. తాళం కుదిరితే మాతో మద్రాసు రావచ్చు. రెండోసారి కూడా తప్పితే ఇంటికెళ్లిపోవాలి," అన్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలు. నా కుర్చీ గోడకు ఆనుకొని ఉంది. వెనుక మనిషి నిలబడే జాగా లేదు. మొదటిసారి తప్పాను. అదే పాత అలవాటు.

రెండోసారి మొదలుపెట్టగానే కుడి భుజం మీద వేలి కణుపు తగిలింది. రెండుకు, నాలుగుకు. పాట అయిపోయేదాకా ఆగలేదు. నాకు భయం వేయలేదు. దాని వెంట వాయించాను, అంతే.

"ముందే ఇలా వాయిస్తే నీ సొమ్మేం పోయేదయ్యా," అన్నాడు పెద్ద.

పక్కన డ్రమ్ములు వాయించిన రహీం భాయ్ హైదరాబాదువాడు. నన్ను అవతలికి పిలిచాడు. "ఏమన్నా, నీ భుజం గట్ల అదురుతుండె ఏంది? ఎవరో కొట్టినట్టే ఉండె." అప్పటికి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ తరువాత చాలాకాలం మద్రాసులో రికార్డింగులకు వాయించాను. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో గిటారు నేర్పుతున్నాను. అప్పట్లో ఆ భుజం దవాఖానలో చూపిస్తే నరం బలహీనత అన్నారు. నరానికి తాళం ఎలా తెలిసిందో చెప్పలేదు. దేవదూత అన్నాడు మా నాయన. దూత అయితే ఆ వేలిని నేను ఎలా గుర్తుపట్టాను? అదేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

అది మళ్లీ ఎన్నడూ తగలలేదు. కానీ ప్రతి రికార్డింగులో మొదటి స్వరానికి ముందు దానికోసం ఒక క్షణం ఆగేవాణ్ణి. ప్రార్థనలో కూడా అంతగా ఎదురుచూసింది లేదు.

చదువుతున్నవారు నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, అది నువ్వు పంపినదైతే నాకు తెలియజెయ్యి. కాకపోతే, దానికోసం ఆగే ఈ ఆశను నాలో నుంచి తీసివెయ్యి. ఆమేన్.