మళ్ళీ వంట నాకే

ఈ రోజు అమ్మను ఏలూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కొన్నాళ్ళుగా నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతోంది.

"నెలనెలా సరిగ్గా వస్తోందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగారు.

"వస్తోందండీ. ఈ వయసులో కాస్త అటూ ఇటూ అవుద్ది కదండీ," అంది అమ్మ, తల దించుకుని.

"ఆఖరిసారి ఎప్పుడొచ్చింది?"

"మా చెరువులో చేపలు పట్టిన మర్నాడండీ."

"మీ చెరువు సంగతి నాకేం తెలుసమ్మా! తేదీ చెప్పండి," అని ఆవిడ నవ్వారు.

అమ్మకు తేదీ తెలియదు. నాకూ తెలియదనే అనుకున్నాను. మా ఇంట్లో నెలసరి అయినన్ని రోజులూ అమ్మ వంటగదిలోకి రాదు. వంట నేనే చేస్తాను, ఆ రోజు డైరీలో "మళ్ళీ వంట నాకే" అని విసుగ్గా రాసుకుంటాను. సంచిలోంచి డైరీ తీసి లెక్కపెట్టాను. నెలకు మూడు నాలుగు రోజులు కనిపించాల్సిన ఆ మాట, రెండు నెలల్లో ఇరవై మూడు పేజీల్లో ఉంది.

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. రక్తపరీక్షకూ స్కానింగుకూ రాసిచ్చి, "రాసిపెట్టి మంచి పని చేశావమ్మా," అన్నారు నాతో. ఒక మెచ్చుకోలుకు నేనింత సిగ్గుపడటం ఇదే మొదటిసారి.

తిరుగు బస్సులో ఊరు దగ్గర పడ్డాక అమ్మ మెల్లగా అడిగింది: "అన్నిసార్లు నీచేత వండించానా? చెప్పొచ్చు కదే!"

రిపోర్టులు రేపొస్తాయి. ఈలోగా మిమ్మల్ని ఒకటి అడగాలనిపించింది. మీ అమ్మగారు బాగానే ఉన్నారని మీకెలా తెలుసు? ఆవిడే చెప్పారా?